అమ్మ ఉంటున్న అసిస్టెడ్ లివింగ్ హోము: 14 నెలల తరువాత నా సమీక్ష

హైదరాబాదుకు ఉత్తరాన, ఔటర్ రింగు రోడ్డుకు దగ్గరలో ఉన్న ఒక అసిస్టెడ్ లివింగ్ హోములో, అంటే రోజువారీ పనులకు మనిషి తోడు దొరికే నివాసంలో, మా అమ్మ 14 నెలలుగా ఉంటోంది. ఆ హోము నాణ్యత గురించి, అక్కడి భద్రత గురించి నేను కళ్లారా చూసినదీ, అడిగి తెలుసుకున్నదీ, ఒకసారి గట్టిగా పోట్లాడి సాధించుకున్నదీ ఇక్కడ రాస్తున్నాను. హోము పేరు మాత్రం రాయడం లేదు. అమ్మ ఇంకా అక్కడే ఉంది. రాత్రివేళ ఆమెను లేపి నడిపించే అమ్మాయిల వల్ల జరిగిన పొరపాట్లను కూడా నేను చెప్పవలసి ఉంది. ఇలాంటి చోటు వెతుక్కుంటున్నవారికి ఏమి చూడాలో, ఎవరిని ఏమి అడగాలో తెలిస్తే పేరు తెలియకపోయినా ఉపయోగం ఉంటుందని నమ్ముతున్నాను.

అమ్మకు 78 ఏళ్లు. చేతులు వణికి, కదలికలు బిగుసుకుపోయే పార్కిన్సన్స్ వ్యాధి బయటపడి తొమ్మిదేళ్లయింది. నాన్నగారు ఉన్నంతకాలం తెనాలిలో సొంత ఇంట్లోనే గడిచిపోయింది. మందు వేళకు ఇవ్వడం, చేయి పట్టుకుని పెరట్లోకి తీసుకువెళ్లడం అన్నీ ఆయనే చూసుకునేవారు. ఆయన పోయిన తరువాత అమ్మ మియాపూరులోని మా ఫ్లాటుకు వచ్చింది. నేనూ మా వారూ ఉద్యోగాలకు వెళ్లే వేళల్లో ఏజెన్సీ పంపిన ఆయాలు ఆమెను చూసుకునేవారు. ఏడాదిన్నరలో ఆరుగురు మారారు. మా అన్నయ్య డాలస్‌లో ఉంటాడు. డబ్బు పంపగలడు కాని రాత్రి రెండు గంటలకు అమ్మను బాత్రూముకు తీసుకువెళ్లలేడు. హోము అన్న మాట ఇంట్లో ఎత్తినందుకు మా మేనత్త మూడు నెలలపాటు నాతో మాట్లాడలేదు. వృద్ధాశ్రమం అంటే దిక్కులేనివారు చేరే చోటు అన్న అభిప్రాయం మనలో ఇంకా బలంగా ఉంది. స్నానం, నడక, భోజనం, మందులు వంటి రోజువారీ పనులకు మనిషి తోడు కావలసివచ్చి, ఆసుపత్రిలో ఉండవలసినంత అవసరం లేనివారు డబ్బు చెల్లించి ఉండే ఏర్పాటు వేరే ఉంటుందని పెద్దవాళ్లకు వివరించి చెప్పడానికే నాకు చాలా రోజులు పట్టింది.

వెతకడం మొదలుపెట్టాక నాకు తెలిసిన మొదటి సంగతి, ఈ హోములకు దేశమంతటికీ వర్తించే తప్పనిసరి ప్రమాణమంటూ ఏదీ లేదన్నది. తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. పిల్లలు పోషించకపోతే ట్రిబ్యునల్‌ను ఆశ్రయించే హక్కును అది పెద్దలకు ఇచ్చింది. ప్రతి జిల్లాలోనూ కనీసం 150 మంది నిరుపేద వృద్ధులకు చోటుండే ఆశ్రమాన్ని ప్రభుత్వం నెలకొల్పవచ్చునని 19వ సెక్షన్‌లో చెప్పింది. ప్రైవేటు హోములకు రిజిస్ట్రేషన్, కనీస ప్రమాణాలు ఉండాలన్న ప్రతిపాదన 2019 డిసెంబరులో లోక్‌సభ ముందుకు వచ్చిన సవరణ బిల్లులో ఉండేది. ఆ బిల్లు చట్టం కాకుండానే 17వ లోక్‌సభ గడువు తీరిపోయి, దానితోపాటే మురిగిపోయింది. 2019లోనే కేంద్ర గృహనిర్మాణ, పట్టణ వ్యవహారాల శాఖ రిటైర్మెంట్ హోములకు నమూనా మార్గదర్శకాలు విడుదల చేసింది కాని, వాటిని అమలు చేయాలా వద్దా అన్నది రాష్ట్రాల ఇష్టానికే వదిలిపెట్టింది. చివరికి తనిఖీ చేసే పని కుటుంబం మీదే పడుతోంది. ఇది న్యాయం కాదని నా అభిప్రాయం. ఉదయం ఆఫీసుకు వెళ్లి సాయంత్రం ఇంటికి చేరే మనిషికి ఏ తలుపు వెడల్పు ఎంత ఉండాలో ఎవరు నేర్పుతారు?

మేము ఐదు హోములు చూశాము. వెళ్లిన ప్రతిచోటా పగలు పదకొండు గంటలకు రమ్మన్నారు. ఆ వేళకు స్నానాలు అయిపోయి, తలలు దువ్వి, పెద్దలందరినీ హాలులో కూర్చోబెట్టి ఉంటారు. ఏ హోము అయినా ఆ సమయంలో బాగానే కనిపిస్తుంది. రెండు హోములు చూసిన తరువాత నేను వేళ మార్చుకున్నాను. రాత్రి ఎనిమిదింటికి ఒకసారి, తెల్లవారుజామున ఆరింటికి ఒకసారి వస్తానని అడిగాను. రెండు హోములు ఒప్పుకోలేదు. ఒకచోట ఒప్పుకుని కూడా గేటు దగ్గర 20 నిమిషాలు నిలబెట్టారు. ఇప్పుడు అమ్మ ఉన్న హోములో ఉదయం ఆరింటికి వెళ్లినప్పుడు మూత్రం వాసన వచ్చింది, కాని ఆ సమయానికే ఇద్దరు అమ్మాయిలు దుప్పట్లు మార్చుతూ కనిపించారు. వాసన రావడం కంటే అది ఎంతసేపటికి పోతుందన్నది ముఖ్యమని అక్కడే అర్థమైంది. ఏడింటికి పోయింది.

భవనం సంగతి త్వరగా చెప్పేస్తాను. మూడు అంతస్తులు, 60 మందికి చోటు, స్ట్రెచర్ పట్టే లిఫ్టు ఉన్నాయి. జాతీయ భవన నిర్మాణ స్మృతి ప్రకారం వీల్‌చైర్ ర్యాంపు ఒక అడుగు ఎత్తుకు కనీసం 12 అడుగుల పొడవు ఉండాలి. మా వారు టేపుతో కొలిచారు, సరిపోయింది. గది తలుపు 900 మిల్లీమీటర్లు ఉంది. బాత్రూము తలుపు మాత్రం ఇరుకు. వీల్‌చైర్ దూరాలంటే చక్రాలు గోడకు రాసుకుంటాయి. కమోడ్ పక్కన పట్టుకునే కడ్డీ గట్టిగానే ఉంది కాని, షవర్ దగ్గర కడ్డీకి బదులు తువ్వాలు వేసుకునే స్టీలు రాడ్డు బిగించారు. తూలిన మనిషి చేయి వేసిందంటే ఆ రాడ్డు గోడలోంచి ఊడి వస్తుంది. చేరేటప్పుడే ఆ మాట చెప్పాను; మార్చడానికి ఐదు వారాలు తీసుకున్నారు. నేల నున్నటి టైల్స్ కావు, తడిసినా జారడం లేదు. గీజర్ నీళ్లు అటెండెంట్ చేయి పెట్టి చూశాకే పోయాలన్న నియమం గోడ మీద రాసి ఉంది, పాటిస్తున్నారు కూడా.

ఇక అసలు విషయానికి వస్తాను. పార్కిన్సన్స్ ఉన్న మనిషికి ప్రమాదం ఎక్కువగా పొంచి ఉండేది రాత్రిపూట. మూత్రానికి లేస్తారు, పడుకున్నవారు నిలబడగానే బీపీ ఒక్కసారిగా పడిపోయి కళ్లు తిరుగుతాయి, గడప దగ్గరకు వచ్చేసరికి కాళ్లు నేలకు అతుక్కుపోయినట్టు ఆగిపోతాయి. పైగా గొంతు సన్నబడిపోయి, పిలిచినా పక్క గదికి వినిపించదు. అమ్మకు ఇవన్నీ ఉన్నాయని చేరిన రోజున నేను రెండు పేజీలు రాసి ఇచ్చాను. రాత్రి ఎంతమంది మెలకువగా ఉంటారని అడిగితే, అంతస్తుకు ఇద్దరు అటెండెంట్లు, మొత్తం భవనానికి ఒక నర్సు అని చెప్పారు. అమ్మ ఉన్న అంతస్తులో అప్పుడు 22 మంది ఉన్నారు. పగలు ఏడుగురు చేసే పని రాత్రి ఇద్దరికి ఎలా సరిపోతుందని నేను అప్పుడే అడగవలసింది. అడగలేదు.

చేరిన మూడో నెలలో ఒక ఉదయం ఎనిమిదిన్నరకు మేనేజరు ఫోన్ చేసి, అమ్మ కాస్త జారిందని, కంగారు పడవలసినదేమీ లేదని చెప్పారు. వెళ్లి చూస్తే నుదుటి మీద మూడు కుట్లు ఉన్నాయి. ఎముకలేవీ విరగలేదు. దగ్గరలోని ఆసుపత్రికి తీసుకువెళ్లి, స్కానింగ్ చేయించి, తిరిగి తీసుకువచ్చాక గాని నాకు చెప్పలేదు. రిజిస్టరులో 5:10కి పడినట్టు రాశారు. వరండాలోని కెమెరా చూపించమని పట్టుబట్టాను. 4:40కి అమ్మ గది తలుపు కొద్దిగా కదలడం, ఆ తరువాత అరగంట దాకా ఆ వైపు ఎవరూ రాకపోవడం అందులో కనిపించాయి. ఒక అటెండెంట్ చివరి గదిలో మరొకరికి పక్క మార్చుతోంది. రెండో అమ్మాయి వరుసగా రెండు డ్యూటీలు చేసి కుర్చీలో నిద్రపోయింది. పిలిచే బెల్లు అమ్మ తల వెనుక గోడకు ఉంది. పడుకున్న మనిషికి అది అందదు, పడిపోయిన మనిషికి అసలే అందదు. “పిలిచానే అమ్మాయ్, ఎవరికీ వినపడలేదు” అని అమ్మ నాతో నెమ్మదిగా అన్నది. ఆ రోజు నాకు తిండి సహించలేదు.

నన్ను ఎక్కువగా బాధించినది పడడం కాదు. ఇంట్లో నా పక్కనే ఉన్నప్పుడు కూడా అమ్మ రెండుసార్లు పడింది. ఈ జబ్బులో పడడాన్ని పూర్తిగా ఆపగలమని ఎవరూ మాట ఇవ్వలేరు. నాలుగు గంటలపాటు మాకు చెప్పకపోవడం, రిజిస్టరులో 5:10 అని రాయడం, దాన్ని ‘జారడం’ అని తేల్చేయడం నాకు మింగుడు పడలేదు. వాళ్లు ఈ ఒక్కదానిలో నిజం దాచి ఉంటే మిగిలిన రిజిస్టర్లను ఏమని నమ్మాలి? మరుసటి రోజు డైరెక్టరుతో కూర్చున్నాను. ఆవిడ సాకులు చెప్పకుండా విన్నారు. కుర్చీలో నిద్రపోయిన అమ్మాయిని తీసేస్తామన్నారు. వద్దన్నాను. ఆ అమ్మాయిది ఒడిశా. అంతకుముందు రోజు ఉదయం ఎనిమిది నుంచి పనిలోనే ఉంది. 20 గంటలుగా డ్యూటీలో ఉంచిన మనిషికి కునుకు పట్టడం ఆమె తప్పు ఎలా అవుతుంది? డ్యూటీ చార్టు వేసినవారిని అడగవలసిన ప్రశ్న అది.

నేను అడిగినవాటిలో చాలావరకు నెలలోపే జరిగాయి. మంచానికి అందేలా, నేలకు జానెడు ఎత్తు దాకా వేలాడే తాడు బెల్లు బిగించారు. మనిషి కదిలితే వెలిగే చిన్న దీపం మంచం కింద పెట్టారు. రాత్రిపూట బాత్రూము దాకా నడవకుండా మంచం పక్కనే కమోడ్ కుర్చీ ఉంచారు. అటెండెంట్లకు వరుసగా రెండు డ్యూటీలు వేయడం మానేశారు. పెద్దలు ఎక్కువగా లేచేది ఆ వేళలోనే కాబట్టి, తెల్లవారుజామున నాలుగు నుంచి ఏడు దాకా ప్రతి అంతస్తుకూ మూడో మనిషిని ఇచ్చారు. దెబ్బ తగిలినా తగలకపోయినా, పడిన అరగంటలోపు ఇంటివారికి ఫోన్ చేయాలన్న నియమం పెట్టారు. దాదాపు రెండు నెలల తరువాత ఒక రాత్రి 2:15కు నాకు ఫోన్ వచ్చింది. గుండె ఆగినంత పనయింది. “మేడం, అమ్మమ్మగారికి ఏమీ కాలేదు. మంచం దిగబోతుంటే పట్టుకున్నాను. చెప్పమన్నారు, అందుకే చేశాను” అన్నది అటు నుంచి ఒక అమ్మాయి, ఇంకా రొప్పుతూనే. ఆ రాత్రి మళ్లీ నిద్ర పట్టలేదు కాని, ఈ హోములో అమ్మను ఉంచవచ్చునన్న నిశ్చయం నాకు ఆ ఫోన్‌తోనే కలిగింది.

మందుల విషయంలో ఈ హోమును మనస్ఫూర్తిగా మెచ్చుకుంటాను. పార్కిన్సన్స్‌కు ఇచ్చే లెవోడోపా మాత్ర గడియారం చూసి వేయవలసిన మందు. అమ్మకు రోజుకు ఐదుసార్లు, ఉదయం ఆరింటికి మొదలై మూడున్నర గంటలకు ఒకటి చొప్పున పడాలి. అరగంట ఆలస్యమైతే చేయి బిగుసుకుపోతుంది; గంట దాటితే కుర్చీలోంచి లేవలేదు. పైగా తిండిలోని మాంసకృత్తులు ఈ మందు ఒంట్లోకి చేరకుండా అడ్డుపడతాయి కాబట్టి భోజనానికి కనీసం అరగంట ముందు వేసుకోవాలి. పప్పన్నమూ పెరుగన్నమూ లేని మధ్యాహ్నం మన ఇళ్లలో ఉండదు. ఆ రెండింటితో కలిపి మాత్ర వేస్తే సగం వృథా. మేము చూసిన మిగిలిన నాలుగు హోముల్లోనూ ఉదయం, మధ్యాహ్నం, రాత్రి భోజనం ట్రాలీతోపాటే మందుల ట్రాలీ వస్తుందని చెప్పారు. ఇరవై మందికి ఒకే వేళ అయితే నర్సుకు సులువుగానే ఉంటుంది కాని, అమ్మలాంటివారికి అది పనికిరాదు.

ఇక్కడి హెడ్ నర్సు కేరళ నుంచి వచ్చిన ఆవిడ, పనిలో చాలా నిక్కచ్చి మనిషి. అమ్మకు విడిగా ఒక చార్టు రాసి, ఐదు వేళలకూ అలారం పెట్టించారు. మాత్ర ఇచ్చినవారు వెంటనే వేళ రాసి సంతకం చేయాలి. చివరన అన్నీ కలిపి ఒకేసారి సంతకాలు చేయడానికి వీల్లేదు. నేను నెలకు ఒకసారి ఆ చార్టు తీసి, డబ్బాలో మిగిలిన మాత్రలు లెక్కపెడతాను. 14 నెలల్లో రెండుసార్లు మాత్రమే లెక్క తప్పింది. ఒకసారి మాత్ర కింద పడి దొరకలేదని వాళ్లే రాసి పెట్టారు. మందుల లెక్క అడగడం నర్సును అవమానించడం అవుతుందేమోనని మొదట సంకోచించాను. ఆవిడే నాతో, లెక్క అడిగే ఇంటివారు ఉంటే మా పని తేలికవుతుందమ్మా, మీరు అడుగుతూనే ఉండండి అన్నారు.

ఇంకో సంఘటన చెప్పాలి. ఒక సాయంత్రం అమ్మకు వాంతులయ్యాయి. రోజూ వచ్చే డాక్టరు గారు సెలవులో ఉండడంతో ఆయన బదులు వచ్చిన డాక్టరు మెటోక్లోప్రమైడ్ రాశారు. మామూలువారికి వాంతులు ఆగడానికి విరివిగా ఇచ్చే మందే, కాని పార్కిన్సన్స్ ఉన్నవారికి ఇవ్వకూడదు. అది మెదడులో కదలికలను నడిపించే డోపమిన్ అనే రసాయనం పనిని అడ్డుకుని ఒళ్లంతా బిగుసుకుపోయేలా చేస్తుంది. మతి తప్పి కేకలు వేసే వృద్ధులకు ఇచ్చే హాలోపెరిడాల్ కూడా అటువంటిదే. ఈ రెండు పేర్లనూ ఎర్ర సిరాతో ఒక కాగితం మీద రాసి, చేరిన రోజునే అమ్మ ఫైలు మొదటి పేజీకి అంటించాను. ఆ రాత్రి డ్యూటీలో ఉన్న నర్సు వయసు 23 ఏళ్లు. ఆమె ఆ కాగితం చూసి ఇంజెక్షన్ ఆపి, డాక్టరుకు ఫోన్ చేసి మందు మార్పించింది. తనకంటే పెద్ద చదువు చదివిన మనిషిని రాత్రి పదింటికి ఫోన్ చేసి ప్రశ్నించే ధైర్యం ఆ అమ్మాయికి ఉండడం, ఆ ధైర్యం చేసినందుకు మర్నాడు ఆమెను ఎవరూ మందలించకపోవడం ఆ హోము గొప్పతనం. మీవారికి ఏ జబ్బు ఉన్నా, ఇవ్వకూడని మందుల జాబితా మీ డాక్టరు చేత రాయించుకుని ఫైలు పైనే పెట్టించండి.

తిండి ఫరవాలేదు. చేరిన కొత్తలో వంట కాంట్రాక్టు తీసుకున్నవారు రాత్రిపూట చపాతీలు, పనీరు కూర పెట్టేవారు. కట్టుడుపళ్లతో, సరిగా మింగలేని గొంతుతో చపాతీ నమలడం అమ్మకు గండంగా ఉండేది. పార్కిన్సన్స్‌లో ముద్ద దిగవలసిన దారి తప్పి ఊపిరితిత్తుల్లోకి పోతే నిమోనియా వస్తుంది. ఈ జబ్బుతో ఉన్నవారిని ఎక్కువగా కబళించేవాటిలో అదొకటి. మేము నాలుగైదు కుటుంబాలవాళ్లం కలిసి అడిగిన మీదట మెత్తగా పిసికిన అన్నం, చిక్కటి చారు, గుమ్మడికాయ పులుసు, బీరకాయ పచ్చడి వంటివి మొదలుపెట్టారు. అటెండెంట్లు పెద్దలను నిటారుగా కూర్చోబెట్టి, చిన్న ముద్దలు పెట్టి, మింగేదాకా ఆగి మరో ముద్ద పెట్టడం నేర్చుకున్నారు. మొదటి ముద్ద పచ్చడి, నెయ్యి కలిపి తినడం అమ్మకు చిన్నప్పటి నుంచీ అలవాటు. ఆ నెయ్యి సీసా మేమే ఇచ్చాము. మధ్యాహ్నం అమ్మ కంచంలో అది కనిపిస్తోంది. అయితే ఆదివారాలు వంటవాళ్లు తగ్గిపోతారు, రాత్రికి ఉప్మాతో సరిపెడతారు. రెండుసార్లు రాసి ఇచ్చినా ఈ పద్ధతి మారలేదు.

భాష కూడా భద్రతకు సంబంధించిన విషయమేనని ఇక్కడికి వచ్చాకే తెలిసింది. అటెండెంట్లలో సగానికి పైగా ఒడిశా, జార్ఖండ్, ఛత్తీస్‌గఢ్‌ల నుంచి వచ్చిన అమ్మాయిలు. వాళ్ల చేతుల్లో ఎంతో మంచితనం ఉంది, కాని అమ్మకు తెలుగు తప్ప మరో భాష రాదు. ‘కళ్లు తిరుగుతున్నాయి’ అన్నది వాళ్లకు అర్థం కాకపోతే, కూర్చోబెట్టవలసిన మనిషిని నడిపిస్తూనే ఉంటారు. నేను ఒక అట్ట మీద నొప్పి, దాహం, బాత్రూము, కళ్లు తిరగడం, చలి, మందు అనే ఆరు మాటలకు బొమ్మలు అంటించి మంచం దగ్గర పెట్టాను. దాన్ని చూసి హోమువాళ్లు మిగతా గదులకూ చేయించారు. కొత్తగా వచ్చినవారికి 30 తెలుగు మాటలు నేర్పిన తరువాతే రాత్రి డ్యూటీ వేస్తామని ఇప్పుడు చెబుతున్నారు. మొన్న కొత్తగా చేరిన అమ్మాయిని అడిగి చూస్తే 20 దాకా చెప్పింది.

అగ్నిప్రమాదం సంగతి అడగడానికి చాలామంది కుటుంబాలవారు మొహమాటపడతారు. 2011 డిసెంబరులో కోల్‌కతాలో ఒక ఆసుపత్రి నేలమాళిగలో మొదలైన మంటల వల్ల దాదాపు 90 మంది చనిపోయారు. వారిలో ఎక్కువమంది తమంతట తాము లేవలేని రోగులు, వారిని చంపింది పొగ. హోములో ఉండేవారి పరిస్థితి కూడా అదే కాబట్టి నేను అడిగాను. ఫైర్ సిలిండర్లకు గడువు ఉంది, పొగను పసిగట్టే పరికరాలు ఉన్నాయి, లిఫ్టు ఆగిపోతే మనిషిని దుప్పటితో లాక్కువెళ్లే పద్ధతి అటెండెంట్లకు నేర్పారు. వెనుక మెట్ల తలుపుకు మాత్రం తాళం వేసి ఉంది. మతిమరుపు జబ్బు ఉన్న పెద్దలు ఎవరికీ తెలియకుండా బయటికి వెళ్లిపోతారన్న భయంతో వేశామన్నారు. ఆ భయం నిజమే; కాని తాళంచెవి గేటు దగ్గర వాచ్‌మన్ జేబులో ఉంటే మంటలు లేచిన రాత్రి మూడో అంతస్తులోని మనిషికి ఏమి ఉపయోగం? అలారం మోగగానే దానంతట అదే తెరుచుకునే తాళం పెట్టించడం సరైన మార్గం. ఖర్చవుతుందని వాయిదా వేస్తూ వచ్చారు. ప్రస్తుతానికి ప్రతి అంతస్తులో రాత్రి డ్యూటీ బల్ల పక్కన తాళంచెవి వేలాడదీశారు. ఇది నాకు తృప్తిగా లేదు. ఈ హోముకు భద్రతలో పూర్తి మార్కులు వేయకపోవడానికి ముఖ్య కారణం ఈ తలుపే.

డబ్బు విషయం. ఇద్దరు ఉండే గదికి నెలకు 48,000 రూపాయలు, డిపాజిట్ లక్షన్నర. డైపర్లు, ఫిజియోథెరపీ, ఆసుపత్రికి తోడు వెళ్లిన మనిషి కూలి, అన్నీ విడిగా; మాకు సగటున 57,000 దాకా అవుతోంది. ఇంత భారం అందరూ మోయగలది కాదని నాకు తెలుసు. అన్నయ్యా నేనూ సగం సగం పెట్టుకుంటున్నాము. సంతకం చేసే ముందు ఒప్పందాన్ని తెలిసిన వకీలుకు చూపించాము. ‘నివాసి పడిపోతే హోముకు ఎటువంటి బాధ్యతా లేదు’ అన్న వాక్యానికి ఆయన ‘తగిన జాగ్రత్త తీసుకోకపోవడం వల్ల జరిగితే తప్ప’ అన్న మాటలు చేర్పించారు. ఏ ఆసుపత్రికి తీసుకువెళ్లాలి, మేము అందుబాటులో లేకపోతే నిర్ణయం ఎవరిది, జబ్బు ముదిరితే హోము పంపించివేయవచ్చా, అలా అయితే ఎన్ని రోజుల గడువు ఇవ్వాలి అన్న నాలుగు అంశాలూ కాగితం మీద ఉండేలా చూసుకోండి. 70 ఏళ్లు దాటినవారికి ఆదాయంతో పనిలేకుండా ఆయుష్మాన్ భారత్ కింద ఏడాదికి కుటుంబానికి 5 లక్షల దాకా ఆసుపత్రి చికిత్సను 2024 అక్టోబరు నుంచి ఇస్తున్నారు. అది ఆసుపత్రిలో చేరితేనే, హోము ఖర్చులకు వర్తించదు. ఫిర్యాదు ఎక్కడ చేయాలో తోచనివారికి 14567 అనే ఎల్డర్‌లైన్ నంబరు ఉంది. ఉదయం ఎనిమిది నుంచి రాత్రి ఎనిమిది దాకా పనిచేస్తుంది.

అమ్మ అక్కడ సంతోషంగా ఉందా అని అందరూ అడుగుతారు. మొదటి నెలంతా రోజూ సాయంత్రం తెనాలి వెళ్దామని అడిగేది. ఇప్పుడు తగ్గింది. పక్క మంచం ఆవిడ నిజామాబాదు. ఇద్దరి యాస కలవక కొన్నాళ్లు ఎడమొహం పెడమొహంగా ఉన్నారు, ఇప్పుడు ఒకరి మాత్రల వేళ మరొకరు గుర్తుచేస్తున్నారు. హాలులో టీవీ రోజంతా మోగుతూనే ఉంటుంది, అది నాకు నచ్చదు. కార్తిక మాసంలో తులసికోట దగ్గర దీపాలు పెట్టించారు. వణికే చేత్తో వత్తి వెలిగించడానికి అమ్మకు చాలాసేపు పట్టింది, పక్కనున్న అమ్మాయి తొందరపెట్టకుండా అగ్గిపుల్ల మీద పుల్ల గీసి ఇచ్చింది. నేను తలుపు దగ్గర నిలబడి చూశాను.

నడక తడబడేవారికి, మందులు వేళ తప్పకూడని జబ్బులున్నవారికి ఈ హోము మంచిదని చెబుతాను. వారానికి ఒకసారైనా, అదీ చెప్పకుండా వెళ్లి చూడగల మనిషి ఊళ్లో ఉంటేనే చేర్చండి. విదేశాల్లో ఉన్న పిల్లలు వీడియో కాల్‌నే నమ్ముకుని ఇక్కడ చేర్చవద్దు, ఎందుకంటే నేను రాసిన మార్పులన్నీ ఎవరో ఒకరు వెళ్లి అడిగితేనే వచ్చాయి. మతిమరుపు జబ్బు ముదిరి, తిరుగుతూ ఉండేవారికి ఇది సరిపోదు. ఆ వెనుక తలుపు సంగతి తేలేదాకా అసలే సరిపోదు. వచ్చే నెల 10వ తేదీన మా ఒప్పందం మళ్లీ రాసుకోవాలి. నెలకు 3,000 పెంచుతామన్నారు. తెల్లవారుజాము మూడో అటెండెంట్‌ను తీసివేయబోమని, అలారంతో తెరుచుకునే తాళం ఫలానా తేదీలోపు బిగిస్తామని అందులో రాస్తే ఆ పెంపుకు ఒప్పుకుంటానని చెప్పాను. అటెండెంట్ మాట రాసిచ్చారు. తాళం తేదీ కోసం ఇంకా ఎదురుచూస్తున్నాను.